కెమెరా కింద నిజాయితీ

2024 మార్చి, ఏప్రిల్ నెలల్లో కర్ణాటక పదో తరగతి పరీక్షలు కెమెరాల నిఘాలో జరిగాయి. ఎస్సెస్సెల్సీ కేంద్రాల్లో గదిగదికీ సీసీటీవీలు బిగించి, పరీక్ష జరుగుతున్నంతసేపూ అధికారులు తెరల ముందు కూర్చుని చూసే ఏర్పాటు చేశారు. మే 9న ఫలితాలొచ్చాయి. అంతకుముందు ఏడాది 83.89 శాతం ఉన్న ఉత్తీర్ణత 73.40కి పడిపోయింది. ఆ మాత్రమైనా నిలబడింది గ్రేస్ మార్కుల పుణ్యాన. గ్రేస్‌ను 10 శాతం నుంచి 20కి పెంచి, దానికి కావలసిన కనీస అర్హతను 35 నుంచి 25కి దించారు. ఆ సాయం లేకపోతే ఫలితం 54 దరిదాపుల్లో తేలేదని అప్పట్లో లెక్క వేశారు. సాయం అందాక కూడా యాదగిరి జిల్లా సగం మార్కు దాటడానికి ఆయాసపడింది. ముఖ్యమంత్రి సిద్ధరామయ్య నొచ్చుకున్నారు, మరుసటి ఏడాది నుంచి ఆ అదనపు గ్రేస్‌ను ఎత్తేశారు. కెమెరాలను మాత్రం ఎవరూ ఎత్తేయమనలేదు.

పడిన శాతమంతా కాపీల లెక్కేనంటే పిల్లలకు అన్యాయం చేసినట్టే. నెత్తిమీద కెమెరా ఉందన్న బెదురుకే వచ్చింది మరిచిపోయిన వాళ్లూ ఉంటారు. కానీ అందులో కొంత భాగం చీటీలదీ, పక్కవాడి పేపరుదీ, కిటికీ అవతలి నుంచి వచ్చిన జవాబులదీ అని బడి గుమ్మం తొక్కిన ప్రతివారికీ తెలుసు. చూసీ చూడనట్టు ఊరుకున్న పెద్దలదీ అందులో వాటా ఉంది. ఉత్తీర్ణత తగ్గితే సంజాయిషీ అడుగుతారు, నూటికి నూరు వస్తే దండ వేస్తారు. అలాంటప్పుడు హెడ్‌మాస్టరు గారి చూపు కాసేపు గోడ మీదికి మళ్లడంలో ఆశ్చర్యం ఏముంది? పదేళ్లపాటు రోజుకు ఆరేడు గంటలు బడిలో కూర్చున్న పిల్లవాడు కెమెరా ఉంటే ఒకలా, లేకపోతే ఇంకోలా ఉన్నాడంటే, ఆ పదేళ్లలో బడి వాడికి నేర్పినదేమిటో ఒకసారి చూసుకోవాలి.

ప్రభుత్వాలకు ఈ ప్రశ్న ఎదురైనప్పుడల్లా తోచే జవాబు ఒక్కటే, నీతి పిరియడు. 2023 జనవరిలో అప్పటి విద్యామంత్రి బి.సి. నాగేశ్ మఠాధిపతులను, విద్యావేత్తలను పిలిచి నీతి విద్య మీద సమావేశం పెట్టారు. ప్రభుత్వం మారింది. కొత్త మంత్రి మధు బంగారప్ప కూడా బడుల్లో నీతి పాఠాలు తెస్తామన్నారు. సరిహద్దు దాటితే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నవంబర్‌లో చాగంటి కోటేశ్వరరావు గారిని విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా నియమించింది. ఇందులో పార్టీల తేడా లేదు, కొత్తదనమూ లేదు. 1959లో శ్రీప్రకాశ కమిటీని వేసింది ఈ పని మీదే. 1964-66 నాటి కొఠారీ కమిషన్ టైంటేబుల్లో విలువల బోధనకు చోటివ్వమంది. అరవై ఏళ్లుగా సిఫారసు అవుతూనే ఉన్న మందు ఇంకా కొత్తగా రాయవలసి వస్తోందంటే, రోగి మందు వేసుకోలేదనుకోవాలా, మందే పనిచేయడం లేదనుకోవాలా?

పనిచేయదని చెప్పిన వాళ్లున్నారు, అదీ దాదాపు వందేళ్ల కిందట. హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే అనే ఇద్దరు అమెరికన్లు 1920లలో సుమారు పదకొండు వేల మంది పిల్లలకు రకరకాల పరీక్షలు పెట్టారు. మోసం చేయడానికి వీలిస్తారు, దొరికిపోతామని పిల్లలకు అనుమానం రానివ్వరు. జవాబులు చేతికిచ్చి సొంత పేపరు దిద్దుకోమంటారు. మార్చి రాసుకుంటే వీళ్లకు రహస్యంగా తెలిసిపోతుంది. 1928లో వచ్చిన వాళ్ల పుస్తకం మత పాఠశాలల వాళ్లనూ, శీల నిర్మాణ సంఘాల వాళ్లనూ కలవరపెట్టింది. ఏది తప్పో ఏది ఒప్పో అడిగితే టకటకా చెప్పగల పిల్లలు, అవకాశం దొరికితే మోసం చేయరన్న భరోసా లేదు. నిజాయితీ నేర్పడానికే పెట్టిన సంఘాల్లో సభ్యులైన పిల్లలు మిగతావారికంటే మెరుగ్గా ఏమీ లేరు. తరగతి గది తీరు మాత్రం తేడా తెచ్చింది. టీచరుకూ పిల్లలకూ మధ్య స్నేహం, సహకారం ఉన్న బడుల్లో మోసం తక్కువగా కనిపించింది.

మనకు దీన్ని అర్థం చేసుకోవడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. సుమతీ శతకం, వేమన పద్యాలు గడగడా అప్పజెప్పే పిల్లలు తెలుగు ఇళ్లలో ఏనాడూ తక్కువ కాలేదు. ఆ పద్యాలు గొప్పవి, నోటికి రావలసినవే. కానీ పద్యం వచ్చిన ప్రతివాడూ పద్యంలా బతికి ఉంటే మన పంచాయతీ ఆఫీసులు ఇలా ఉండేవి కావు.

బడి నీతి నేర్పడం లేదన్న మాటే తప్పు. పొద్దున గంట కొట్టిన దగ్గర్నుంచి సాయంత్రం గేటు తీసేదాకా నేర్పుతూనే ఉంటుంది. ఆ నేర్పేది పాఠంలో ఉండదు, ఏర్పాట్లలో ఉంటుంది. బెంగళూరులోని కె.ఆర్.పురం చుట్టుపక్కల ఇది బాగా కనిపిస్తుంది. టిన్ ఫ్యాక్టరీ నుంచి హ్యాంగింగ్ బ్రిడ్జి దాటి దేవసంద్ర, రామమూర్తి నగర్, భట్టరహళ్లి దాకా ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడులు సందుకొకటి. అనంతపురం, చిత్తూరు, పాలమూరు నుంచి తాపీ పనికొచ్చిన వాళ్ల పిల్లలు, వైట్‌ఫీల్డ్ కంపెనీల్లో కోడ్ రాసే వాళ్ల పిల్లలు, పాత మద్రాసు రోడ్డు వెంబడి తరతరాలుగా ఉన్న కన్నడ, తమిళ కుటుంబాల పిల్లలు ఒకే ఆటోలో ఇరుక్కుని వెళుతుంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, దుకాణంలో హిందీ.

ఈ తరహా బడి ఎలా నడుస్తుందో చూద్దాం. టీచరు గదిలో లేనప్పుడు క్లాస్ లీడరు సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద 'మాట్లాడిన వాళ్ల' పేర్లు రాస్తాడు. పేరు పక్కన ఒక గీత పడితే ఒకసారి, రెండు పడితే రెండుసార్లు. స్నేహితుడైతే గీత పడదు, నిన్న టిఫిన్ పంచుకోని వాడైతే రెండు పడతాయి. మిస్ వచ్చి జాబితా చదువుతుంది, వాళ్లు నిలబడతారు. ఇంగ్లీషు తప్ప వేరే భాష మాట్లాడితే జరిమానా కట్టించుకునే బడులున్నాయి. ఆలస్యమైతే ఒక జరిమానా, బూట్లకు పాలిష్ లేకపోతే ఇంకొకటి. హోంవర్కు చేస్తే నోటుబుక్కులో స్టారు, ఐదు స్టార్లకు ఒక పెన్సిలు. నెలకో పరీక్ష, పరీక్షకో ర్యాంకు, ర్యాంకు ప్రకారం బెంచీ. ఈ మొత్తంలో పిల్లవాడికి బోధపడేవి మూడు: అధికారం అంటే పక్కవాడి మీద చాడీ చెప్పే హక్కు, తప్పు చేయడానికి ఒక ధర ఉంటుంది, పని చేయవలసింది ఎవరో చూసి ఏదో ఇస్తారు గనుక. వారానికి రెండు గంటల నీతి బోధ, మిగిలిన గంటలన్నీ రుజువు చేస్తున్న ఈ మూడింటిని గెలవగలదా?

జరిమానాల సంగతి ఎకనమిస్టులు కూడా పరీక్షించి చూశారు. ఇజ్రాయెల్‌లోని హైఫా ఊళ్లో కొన్ని శిశు సంరక్షణ కేంద్రాలు, సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు జరిమానా పెట్టాయి. యూరి నీజీ, ఆల్డో రుస్టికీని 2000లో ప్రచురించిన లెక్క ప్రకారం, జరిమానా వచ్చాక ఆలస్యంగా వచ్చేవాళ్లు తగ్గలేదు సరికదా, దాదాపు రెట్టింపయ్యారు. అప్పటిదాకా 'పాపం, ఆయమ్మ ఎదురుచూస్తుంటుంది' అన్న మొహమాటం ఉండేది. డబ్బు కట్టాక అది కొనుక్కున్న సేవ అయిపోయింది. జరిమానా ఎత్తేశాక కూడా పోయిన మొహమాటం తిరిగి రాలేదు.

బహుమతుల కథ ఇంకా విచిత్రం. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ నర్సరీ బడిలో, స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే చెవి కోసుకునే పిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి 'బొమ్మ వేస్తే బంగారు ముద్ర ఉన్న సర్టిఫికెట్టు ఇస్తాం' అని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి ముందు చెప్పకుండా, వేశాక ఇచ్చారు. కొందరికి అసలు ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత పెన్నులు మామూలుగా గదిలో పెట్టి చూస్తే, బహుమతి కోసమని వేసిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే సగం సేపే వాటి జోలికి వెళ్లారు. ఇష్టంగా చేసే పనికి కూలి కట్టేసరికి అది కూలిపని అయింది. ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ ర్యాన్ ఆ తర్వాత దశాబ్దాల పాటు ఇదే దారిలో పనిచేసి, మనిషి లోపలి ప్రేరణకు కావలసినవి మూడన్నారు: ఈ పని నేను ఎంచుకున్నాను అన్న స్వేచ్ఛ, ఇది నాకు చేతనవుతోంది అన్న నమ్మకం, ఇక్కడ నేను కావలసినవాణ్ని అన్న భావన. మన స్టార్లూ ర్యాంకులూ మొదటిదాన్ని లాగేసుకుంటాయి, రెండోదాన్ని నలుగురికే ఇస్తాయి, మూడోదాన్ని మార్కులతో ముడిపెడతాయి.

ఇంతదాకా చెప్పింది విదేశీ ప్రయోగాల మాట. కె.ఆర్.పురం నుంచి పాత మద్రాసు రోడ్డెక్కి హొసకోటె మీదుగా తూర్పుకు వెళితే కోలారు జిల్లా, ఆ పైన మదనపల్లె. నూటపాతిక కిలోమీటర్ల ఈ దారిలోనే, జరిమానా, బహుమతీ లేకుండా పిల్లల్ని చదివించడమెలా అన్నదానికి సమాధానం ఒకటి తయారైంది. తయారు చేసుకున్నది చాలావరకు తెలుగు మాట్లాడే పల్లె పిల్లలతో.

జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది మదనపల్లెలో. ఆయన ఆలోచనల మీద అక్కడికి దగ్గర్లోనే పెరిగిన రిషి వ్యాలీ బడిలో, పిల్లవాణ్ని ఇంకొక పిల్లవాడితో పోల్చకూడదన్నదీ, భయంతోనో ఆశతోనో చదివించకూడదన్నదీ మొదటి సూత్రాలు. బాగానే ఉంది, అది స్తోమతున్న వాళ్ల పిల్లలుండే రెసిడెన్షియల్ బడి, అక్కడ ఏదైనా సాగుతుంది అనవచ్చు. చాలామంది అన్నారు కూడా. కానీ ఒకప్పుడు అక్కడ పాఠాలు చెప్పిన డేవిడ్ హార్స్‌బర్గ్ అనే ఇంగ్లీషాయన 1972లో కోలారు జిల్లా రాయల్పాడు దగ్గర నీల్‌బాగ్ అని చిన్న బడి పెట్టాడు. సరిహద్దు పల్లె, పిల్లలు రైతుల, కూలీల బిడ్డలు. పరీక్షల్లేవు, దండనల్లేవు, బహుమతుల్లేవు. వేరువేరు వయసుల వాళ్లు ఒకే చోట కూర్చుని ఎవరి పని వాళ్లు చేసుకునేవాళ్లు. చదువుతో పాటు వడ్రంగం, కుండలు, తోటపని. 1984లో హార్స్‌బర్గ్ పోయాడు, ఆ బడి అలాగే నిలవలేదు. ఆలోచన మాత్రం పోలేదు.

1980ల చివర రిషి వ్యాలీ చుట్టూ ఉన్న పల్లెల్లో పద్మనాభరావు, రమ దంపతులు ఏకోపాధ్యాయ బడుల కోసం ఒక పద్ధతి అల్లారు. పాఠ్యపుస్తకాన్ని ముక్కలు చేసి కార్డులుగా మార్చారు. ఏ కార్డు తర్వాత ఏదో చూపే నిచ్చెన పటం గోడకు తగిలించారు. బొమ్మ గుర్తు చూసి పిల్లవాడే తన కార్డు తెచ్చుకుంటాడు, చేస్తాడు, పక్కవాళ్లతో సరిచూసుకుంటాడు, నిచ్చెన మీద ఒక మెట్టెక్కుతాడు. జ్వరమొచ్చి పది రోజులు రాకపోతే పదకొండో రోజు తాను ఆగిన మెట్టు దగ్గరే మొదలుపెడతాడు, వెనకబడ్డానన్న అవమానం లేదు. హెగ్గడదేవనకోటె తాలూకా టీచర్లు 1990ల మధ్యలో వచ్చి దీన్ని చూసి వెళ్లి, కన్నడంలో తమకు తగ్గట్టు తిరగరాసుకున్నారు. అదే నలి-కలి. 2009-10 నుంచి కర్ణాటక ప్రభుత్వ ప్రాథమిక బడుల చిన్న తరగతులన్నింటిలోకీ వచ్చింది. అంటే కె.ఆర్.పురంలో ఏ తాపీమేస్త్రీ కూతురో సర్కారు బడిలో ఒకటో తరగతిలో చేరితే, ఆమె చేతిలోకి వచ్చే కార్డుల వంశవృక్షం మదనపల్లె పల్లెల్లో ఉంది. ఈ సంగతి ఇక్కడి తెలుగువాళ్లలో తెలిసినవాళ్లు తక్కువ. ఆ బడిని 'సర్కారు బడే కదా' అని తప్పించుకు తిరిగే వాళ్లలో మనమే ముందున్నాం.

నలి-కలి గది అంటే బెంచీలు లేని గది. పిల్లలు నేల మీద గుంపులుగా కూర్చుంటారు. ఒక గుంపుకు టీచరు దగ్గరుండి చెబుతుంది, ఇంకోదానికి కాస్త చేయూత చాలు, మరోదానిలో పిల్లలే ఒకరికొకరు నేర్పుకుంటారు, చివరి గుంపు తనంత తాను చేసుకుంటుంది. గోడ అడుగున పిల్లలకు అందేంత ఎత్తులో నల్లరంగు పూస్తారు, అక్కడ ఎవరి గడి వారిది. నెత్తిమీద కట్టిన తాళ్లకు వాళ్ల బొమ్మలు వేలాడుతుంటాయి, ఫస్టు వచ్చిన వాడివే కాదు, అందరివీ. ఇందులో నీతి పాఠం ఎక్కడా లేదు. కానీ తన కార్డు తాను పూర్తి చేయకుండా మెట్టెక్కితే తర్వాతి కార్డు తనకే రాదని ఆరేళ్ల పిల్లకు తెలుస్తుంది. మోసం చేస్తే ఎవరు నష్టపోతారో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పక్కపిల్ల ముందుకెళితే తన ర్యాంకు తగ్గదు గనుక నేర్పడానికి లోభం ఉండదు. పియాజే 1932లో గోలీలాట ఆడే స్విస్ పిల్లల్ని గమనించి చెప్పింది ఇదే: పెద్దలు విధించిన నియమానికి పిల్లలు భయపడతారు, సాటివాళ్లతో కలిసి నిలబెట్టుకున్న నియమానికి కట్టుబడతారు.

నలి-కలిని ఆకాశానికెత్తే ఉద్దేశం లేదు. ఒకే టీచరు మీద మూడు తరగతుల భారం పడితే గుంపులు పేరుకే మిగులుతాయి. కార్డులు చినిగి, పోయి, కొత్తవి రాక మూలపడతాయి. నేర్చుకునే వేగం మీద వచ్చిన విమర్శల్లో నిజముంది. అన్నిటికంటే పెద్ద లోపం, ఇది మూడో తరగతితో ఆగిపోవడం. నాలుగులో అడుగుపెట్టగానే బెంచీ, పుస్తకం, ర్యాంకు. ఎనిమిదేళ్ల దాకా తన చదువును తానే నడుపుకున్న పిల్లను తొమ్మిదో ఏట చేతులు కట్టుకుని కూర్చోమంటాం. పదో తరగతికి వచ్చేసరికి ఆమె నెత్తిన కెమెరా పెడతాం.

'క్రమశిక్షణ లేకపోతే యాభై మందిని అదుపు చేయడం ఎలా?' అని టీచర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. గదికి యాభై మందిని కుక్కిన యాజమాన్యాన్ని అడగవలసిన ప్రశ్న కూడా. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం పోయి జరిమానా వచ్చింది. అది తిట్టదు, కొట్టదు, రసీదిస్తుంది. దాని బదులు పెట్టదగినదానికి కర్ణాటకలోనే నమూనా ఉంది. కుందాపుర ప్రాంతంలో 1990లలో పనిపిల్లల మధ్య మొదలైన మక్కళ పంచాయతీల అనుభవంలోంచి, పల్లెల్లో పిల్లల గ్రామసభలు జరపాలన్న పద్ధతి వచ్చింది. పిల్లలు కూర్చుని దారిలో వాగు దాటడానికి వంతెన లేదనీ, బడిలో నీళ్లు రావనీ పంచాయతీ ముందు పెడతారు, పెద్దలు జవాబు చెప్పాలి. నగరంలో ఆ మాత్రం కూడా లేదు. కె.ఆర్.పురం పిల్లలు బెంగళూరు నగరపాలనను అడగవలసినవి తక్కువా? ఫుట్‌పాత్ లేని బడి దారి ఒక్కటి చాలు, నెల రోజులు చర్చించవచ్చు.

లారెన్స్ కోల్‌బెర్గ్ అమెరికాలో ఇదే పనిని బడి లోపల చేసి చూశాడు. నైతిక వికాసం మెట్లుమెట్లుగా జరుగుతుందని చెప్పి పేరు తెచ్చుకున్న మనిషి, 1974లో కేంబ్రిడ్జ్‌లో క్లస్టర్ స్కూల్ అనే చిన్న బడిలో టీచరుకొక ఓటు, విద్యార్థికొక ఓటు పెట్టి నియమాలు చేయించాడు. దొంగతనాలు జరిగినప్పుడు అది పోగొట్టుకున్నవాడి బాధ కాదు, అందరి బాధ్యత అని పిల్లలే తేల్చుకునేదాకా చర్చలు సాగాయి. గొడవలయ్యాయి, టైము వృథా అయినట్టూ కనిపించింది. మాట్లాడితే పేరు బోర్డెక్కే మన గదుల్లో మాత్రం ఆ గొడవకు చోటే లేదు.

తల్లిదండ్రుల సంగతి దాటేయలేం. ర్యాంకు అడిగేది మనం. స్కూలు వాట్సాప్ గ్రూపులో ఎవరి బిడ్డకు ఎంత వచ్చిందో వెతికేది మనం. ఐదో ఏట ఒలింపియాడ్, పన్నెండో ఏట ఐఐటీ ఫౌండేషన్ కావాలనేది మనమే, ముఖ్యంగా తెలుగువాళ్లం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కు తప్ప తనకింకో విలువ ఉందని వాళ్లకు అనిపించేలా ఎవరం చేశాం? లోపలి ప్రేరణ అనే మాటను సన్మార్గపు అలంకారంగా కాకుండా, పిల్లవాడు బతికి ఉండడానికి కావలసిన ఆధారంగా చూడవలసిన కాలం ఇది.

కాబట్టి నీతి పిరియడు తప్పదనుకుంటే, దాన్ని ఉపన్యాసానికి కాకుండా తరగతి సభకు ఇవ్వాలి. పిల్లలు గుండ్రంగా కూర్చుని ఆ వారం జరిగిన తగాదా తేల్చుకోవాలి, నియమం కావాలంటే చేసుకోవాలి, పనిచేయకపోతే తీసేసుకోవాలి. టీచరుకు ఒక ఓటు చాలు. నలి-కలిని ఐదో తరగతి దాకా పొడిగించి, అందుకు సరిపడా టీచర్లను వేయాలి. ఇంట్లో మాట్లాడే భాషకు జరిమానా వేసే బడికి విద్యాశాఖ నోటీసు ఇవ్వాలి. నెల పరీక్షల్లో అప్పుడప్పుడైనా జవాబులిచ్చి పిల్లల చేతే దిద్దించాలి, ఆ మార్కులు ఎక్కడా ఎక్కించకూడదు. వీటిలో నలి-కలి పొడిగింపు, టీచర్ల నియామకం తప్ప మిగతావాటికి బడ్జెట్ అక్కర్లేదు. తరగతి సభకైతే సర్క్యులర్ కూడా అక్కర్లేదు. కె.ఆర్.పురంలో ఏ హెడ్‌మాస్టరైనా, ఏ కరస్పాండెంటైనా వచ్చే సోమవారమే మొదలుపెట్టవచ్చు. మీ బిడ్డ బడిలో అది జరగడం లేదంటే, వచ్చే పేరెంట్స్ మీటింగులో ర్యాంకు అడిగే ముందు ఈ మాట అడగండి.